గొర్రెల వీపుమీద ఓనమాలు

ఓబులేసు ఏడో ఏట నుంచి గొర్రెల వెనకే ఉన్నాడు. గాలివీడు దగ్గరి పల్లెలో ఊరివాళ్ల మందలు తోలాడు. ముప్పై రెండో ఏట, తోటపని అని చెప్పి ఒక ఏజెంటు కువైట్ పంపిస్తే, విమానం దిగిన మర్నాడే మళ్లీ గొర్రెల వెనకే నిలబడ్డాడు. "దేశం మారింది గానీ పెంటికల వాసన మారలేదు సమీ" అనేవాడు. అది చెప్పి తనే నవ్వేవాడు. నవ్వడానికి అక్కడ నేను తప్ప వేరే ఎవరూ లేరు.

నేను వారానికి రెండుసార్లు కబ్ద్ ఎడారికి నీళ్ల ట్యాంకర్ తోలుకుపోతాను. నా పేరు సమీ, మాది రాయచోటి. ఇంటర్మీడియట్ సగంలో వదిలేశాను. బండి పెట్టేది సబ్హాన్‌లో, పడుకునేది మహబూలాలో, ఎనిమిదిమంది ఉండే గదిలో. ఆ గదిలో మాటలకు కొదవ లేదు, వినదగ్గ మాట ఒక్కటీ ఉండదు. ఓబులేసు దగ్గర ట్యాంకు ఖాళీ కావడానికి నలభై నిమిషాలు పడుతుంది. ఆ నలభై నిమిషాలు నేను బండి నీడలో కూర్చుని చదువుకునేవాణ్ణి.

ఆయన ఉండేది రేకుల కొట్టంలో. చుట్టూ కంచె, లోపల నూట నలభై గొర్రెలు, ఒక సిమెంటు తొట్టి. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, అబూ సాలెం శుక్రవారం జీపులో వచ్చి, చాయ్ తాగి, గొర్రెల్ని చూసుకుని పోయేవాడు. మిగతా ఆరు రోజులు ఓబులేసు ఎవరితో మాట్లాడతాడని ఒకసారి అడిగాను.

"గొర్రెలతో" అన్నాడు. "మొదట్లో తెలుగులో మాట్లాడేవాణ్ణి. అవి ఇనేవి కావు. అరబ్బీ నేర్చుకున్నాక ఇంటాండాయి."

ఆయన పెళ్లాం వెంకటేశ్వరి కూడా కువైట్‌లోనే ఉంది. సిటీ పక్కన ఒక పెద్దింట్లో పనిమనిషి. ఆయన వచ్చిన రెండేళ్లకు ఆమె వచ్చింది, దగ్గరగా ఉంటామని. ఇద్దరి మధ్యా యాభై కిలోమీటర్లు. ఏడాదికి ఒకసారి, రంజాన్ పండగ మర్నాడు, పాత సూక్ బజారులో రెండు గంటలు కలుసుకునేవాళ్లు. పిల్లలు లేరు. ఎందుకు లేరని అడిగేవాళ్లకు బుద్ధి లేదు.

ఆ ఏడు ఇద్దరికీ ఒకేసారి దారి తెరుచుకునేట్టుంది. వెంకటేశ్వరి పనిచేసే ఇంటి మామా, అంటే యజమానురాలు, వచ్చే ఏప్రిల్ పదో తారీఖుకు ఆమెను పూర్తిగా పంపించేస్తానంది. ఓబులేసు ఇఖామా, అంటే అక్కడ ఉండే అనుమతి, కూడా ఏప్రిల్ మొదట్లోనే అయిపోతుంది. ఇద్దరూ ఒకే విమానంలో ఇంటికి పోవాలని అనుకున్నారు. పెళ్లయ్యాక ఇద్దరూ కలిసి చేసిన ప్రయాణం రాయచోటి బస్సు ఒక్కటేనట.

కానీ ఓబులేసుకు ఒక భయం ఉంది. ఆయన చేసిన తప్పులోంచి పుట్టిన భయం. అబూ సాలెం కాగితాల కోసం అంత దూరం పదేపదే రావడం చూసి, పాపమనిపించి, మూడేళ్ల కిందట ఓబులేసు నాలుగు తెల్ల కాగితాల మీద ముందుగానే వేలిముద్ర వేసి ఇచ్చాడు. "మనిషి పెద్దాయన. పెట్రోలు కాల్చుకోని ఎందుకు రావల్ల అనుకున్న్యా" అన్నాడు నాతో. ఏడాది తిరిగాక, ఇంటికి పోతానని చెప్తే, ఆ కాగితాలన్నీ వాడేసి రెండేళ్లకు కొత్త కాంట్రాక్టు అప్పటికే రాయించేశారని తెలిసింది. మోసమని ఆయన ఎప్పుడూ అనలేదు. నేనంటే వినలేదు కూడా.

అక్టోబరులో ఒక పొద్దు నేను చదువుతుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఏముంది సాయిబూ దాంట్లో? ఎప్పుడు సూసినా ముక్కు దాంట్లోనే పెట్టుంటావు."

మా గది ముందున్న ఫ్లాటు ఖాళీ చేసిపోయిన ఒక టీచరు వదిలేసిన అట్టపెట్టెలో దొరికిన ఇంగ్లీషు పుస్తకం అది. అట్ట చినిగిపోయింది. నా ఇంగ్లీషు కుంటిది, ఫోనులో నిఘంటువు చూసుకుంటూ రోజుకు రెండు పేజీలు నడుస్తుంది. యూదుల పాత గురువుల సంగతులు. గదిలో అబ్దుల్ బాసిత్ చూస్తే రాద్ధాంతం చేస్తాడని పేపరు చుట్టి ఉంచాను. ఓబులేసుకు యూదులంటే ఎవరో తెలియదు. అది నాకు హాయిగా అనిపించింది.

"నీలాంటోడి కథే అన్నా" అన్నాను, కొంచెం వెటకారంగానే. "రెండు వేల ఏండ్ల కిందట అకీవా అని ఒక గొర్రెల కాపరి. పెద్ద ఆసామి గొర్రెలు మేపేవాడు. నలభై ఏండ్లు వచ్చేదాకా అక్షరం ముక్క రాదు."

"ఆమాట నిజమే, నా కతే" అన్నాడు. "తర్వాత?"

"ఒకరోజు బావి దగ్గర బండ మీద గుంత చూసినాడు. ఈ గుంత ఎవరు తవ్వినారని అడిగితే, రోజూ పడే నీటి చుక్క తవ్విందన్నారు. మెత్తటి నీళ్లు గట్టి రాయిని తవ్వగా లేంది, అక్షరాలు నా గుండెలో దిగవా అనుకున్నాడు. పోయి చిన్నపిల్లల పక్కన కూర్చొని పలక పట్టినాడు. తర్వాత ఆ జాతిలో అంతటి పండితుడు లేడు. అక్షరాల కొమ్ములకు కూడా అర్థం చెప్పేవాడంట."

ఓబులేసు లేచి తొట్టి దగ్గరికి పోయాడు. పైపు మూత సరిగ్గా బిగుసుకోదు, ఆయన వచ్చినప్పటినుంచి, పన్నెండేళ్లుగా కారుతూనే ఉంది. దాని కింద సిమెంటులో చిన్న గుంట. అందులో బొటనవేలు పెట్టాడు. సరిపోయింది. తాళ్లు లాగీ లాగీ ఆ వేలు నున్నగా అయిపోయింది. వేలిముద్ర మెషీను మూడుసార్లు పెడితే గానీ గుర్తుపట్టదు.

"ఈసారి కాగితం మీద ఏముందో తెలీకుండా వేలు పెట్టను సమీ" అన్నాడు. "నాకు సదువు నేర్పీ."

నాకు నవ్వొచ్చింది. కాగితం అరబ్బీలో ఉంటుంది. నాకు అరబ్బీ రాదు. చిన్నప్పుడు మసీదులో హజ్రత్ బెత్తంతో నేర్పిన అక్షరాలు వచ్చు, పలకడం వచ్చు, అర్థం ఒక్క ముక్క తెలియదు. ఓబులేసుకేమో మాట్లాడే అరబ్బీ అంతా వచ్చు, అక్షరం తెలియదు. నేను ఆ సంగతి చెప్తే ఓబులేసు అన్నాడు.

"అయితే ఇద్దరం కలిస్తే ఒక సదువుకున్నోడు అవుతాంలే. అరబ్బీ నువ్వు చూసుకో. సంతకం మాత్రం నాదే ఉండల్ల. తెలుగులో."

అలా మొదలైంది. ఇసుక మీద రాస్తే గాలికి పోయేది. పలక తెస్తానంటే వద్దన్నాడు. మందు తాగించిన గొర్రెలకు గుర్తుగా పూసే ఎర్ర రంగు డబ్బా ఆయన దగ్గరుంది. ఒక్కో గొర్రె వీపు మీద ఒక్కో అక్షరం రాయించుకున్నాడు. అ, ఆ, ఇ, ఈ. రోజంతా అవి మేస్తూ తిరుగుతుంటే చూస్తూ చదువుకునేవాడు. గొర్రెల ముఖాలన్నీ ఆయనకు ముందే గుర్తు. అందుకే అక్షరాలు అంత తొందరగా పట్టుబడ్డాయనుకుంటాను. "'ఋ' కుంటిది, వెనకబడింది" అనేవాడు. "'ళ' రాత్రి ఈనింది."

గొర్రెల్ని ఒక్కొక్కటిగా పంపే ఇరుకు దారి ఉంది. నాలుగింటిని పట్టి తెచ్చి, ఆ దారిలో నిలబెట్టి, తన పేరు చదువుకున్నాడు. ఓ, బు, లే, సు. 'సు' నిలబడేది కాదు. దాణా పెట్టి ఆపేవాడు.

అబూ సాలెం ఒక శుక్రవారం వచ్చి చూసి, ఈ రాతలేమిటని అడిగాడట. మందు లెక్క అని చెప్పాడట ఓబులేసు. "అబద్ధం కాదులే, ఇది గూడా మందే" అన్నాడు నాతో.

అక్షరాలు వస్తున్నకొద్దీ అకీవా కథ మిగతాది చెప్పమనేవాడు. ఒక మధ్యాహ్నం వెంకటేశ్వరి ఫోన్లో ఉండగానే చెప్పమన్నాడు, ఆమె కూడా వింటుందని. ఆసామి కూతురు కాపరిని పెళ్లి చేసుకుంటే తండ్రి ఇంట్లోంచి వెళ్లగొట్టాడు. ఇద్దరూ గడ్డిలో పడుకునేవాళ్లు. పొద్దున్నే ఆమె జుట్టులోంచి గడ్డి పరకలు అతను ఏరేవాడు. చదువుకు పొమ్మని పంపించింది ఆమే. పన్నెండేళ్ల తర్వాత తిరిగి వచ్చాడు. తలుపు దగ్గరికి వచ్చేసరికి లోపల ఎవరో ముసలాయన ఆమెను ఎగతాళి చేస్తున్నాడు, మొగుడు బతికుండగానే ముండమోసినదానిలా ఎన్నాళ్లుంటావని. ఆమె అంది, నా మాట వింటే ఇంకో పన్నెండేళ్లు ఉండి చదువుకోమంటానని. అది విని అతను తలుపు తట్టకుండా వెనక్కి తిరిగిపోయాడు. ఇంకో పన్నెండేళ్లు.

ఫోన్లో వెంకటేశ్వరి గొంతు వెంటనే వచ్చింది.

"మొగం గూడా చూపియ్యకుండానా?"

"చూపియ్యలేదక్కా."

"నేనైతే చీపురుకట్ట తీసుకోని ఆ పన్నెండేండ్లూ ఎనకాలే పొయ్యేదాన్ని. ఆ యమ్మ ఏదో కోపంలో అనుంటాది. ఆడది ఒక మాటంటే లోపలికొచ్చి అడగల్ల గదా, నిజమేనా అని."

"ఆఖర్న వచ్చినాడు లేక్కా. వేలమంది శిష్యుల్తో. చినిగిన చీరతో ఈమె ముందుకొస్తే శిష్యులు తోసేసినారు. వదలండి, నా చదువూ మీ చదువూ ఆమెదే అన్నాడు."

"శిష్యుల్ని నెత్తినేసుకుంటాదా?" అంది. తర్వాత మొగుడితో, "ఇదిగో, నువ్వు సదువుకుంటే సదువుకో. ఏప్రిల్ పదికి మాత్రం విమానం కాడ ఉండల్ల. అంతే."

"ఉంటాలే మ్మే" అన్నాడు ఓబులేసు. ముఖం నాకు కనబడకుండా అటు తిరిగి ఉన్నాడు.

చివరికి అకీవా ఏమయ్యాడని ఇంకోసారి అడిగాడు. చెప్పకుండా దాటేద్దామనుకున్నాను. చదువు చెప్పొద్దని రాజ్యం ఆజ్ఞ పెట్టినా చెప్పాడని, ఇనప దువ్వెనలతో ఒళ్లు చీరి చంపారని, దేవుణ్ణి నిండు ప్రాణంతో ప్రేమించమన్న మాట నిలుపుకునే రోజు ఇన్నాళ్లకు వచ్చిందని అతను అన్నాడని చెప్పాను. గొర్రె ఉన్ని దువ్వే ఇనప దువ్వెన రేకు గోడకు వేలాడుతోంది. ఓబులేసు దాని వంక చూసి, లేచి పోయి గొర్రెలకు నీళ్లు పట్టాడు.

ఫిబ్రవరిలో కాగితం వచ్చింది. నా ట్యాంకు ఖాళీ అవుతుండగా అబూ సాలెం జీపు దిగాడు. ఓబులేసు ముందే అడిగి పెట్టాడు, నీళ్లొచ్చే పొద్దున రమ్మని. రెండు కాగితాలు తొట్టి గోడ మీద పెట్టి, ఎగిరిపోకుండా రాయి పెట్టి, కుంటుతున్న గొర్రెను చూడటానికి పెద్దాయన కంచెలోకి పోయాడు.

నేను కాగితం తీసుకున్నాను. నేను నేర్చుకున్న అరబ్బీకి పైనా కిందా జబర్, జేర్ అనే అచ్చుల గుర్తులుంటాయి. దీనికేమీ లేవు. ఉత్త ఎముకలు. అక్షరం అక్షరం పలికాను.

"తా. జీమ్. దాల్. యా. దాల్."

ఓబులేసు కళ్లు మూసుకుని పెదాలు కదిపాడు. "తజ్దీద్" అన్నాడు. "మళ్లా కొత్తగా చేసేది. ఇంగా చదువు."

"సీన్. నూన్. తా. యా. నూన్."

"సనతైన్. రెండేండ్లు." కళ్లు తెరిచాడు. "ఇంగ చాల్లే సమీ."

ఆయన వేలికోసం సిరా డబ్బా కూడా సిద్ధంగా ఉంది. అబూ సాలెం తిరిగి వచ్చాక ఓబులేసు అరబ్బీలో చెప్పాడు. నాకు అర్థమైనంతలో, ఇది రెండేళ్ల కాగితం, నేను అడిగింది ఇంటికి పూర్తిగా పోయే కాగితం అని.

"ఎవరు చదివారు?" అన్నాడు పెద్దాయన.

"ఇద్దరం" అన్నాడు ఓబులేసు.

కఫీల్ అరుస్తాడనుకున్నాను. అరిస్తే నాకు బాగుండేది, తిట్టుకోవడానికి. ఆయన తొట్టి గోడ మీద కూర్చుని మోకాళ్లు రుద్దుకున్నాడు. నువ్వు పోతే వీటిని ఎవరు చూస్తారు, నా కొడుకులు గొర్రె ఈనితే ముక్కు మూసుకుంటారు అన్నాడు. ఆఖరికి అందరూ చెప్పేదే చెప్పాడు. నీ బదులు ఒక మనిషిని ఇచ్చి పో. బదిలీ వస్తే అదే రోజు నీ కాగితం రాస్తా.

బదిలీ అంటే ఎవరనేది వెతకాల్సిన పని లేదు. ఓబులేసు చెల్లెలి మొగుడు గంగరాజు మూడేళ్లుగా ఫోను చేస్తున్నాడు, కువైట్‌కు పిలిపించమని. ఒక్క మాట చెప్తే చాలు. ఓబులేసు మూడు ట్యాంకర్ల దాకా ఆ మాట చెప్పలేదు. పదిరోజులు పోయాయి.

నాకు ఒళ్లు మండింది. "అన్నా, అకీవా దీనికి గూడా చెప్పినాడు" అన్నాను. "ఇద్దరు ఎడారిలో పోతాండారు. ఒకడి దగ్గర ఒక చెంబు నీళ్లుండాయి. ఇద్దరూ తాగితే ఇద్దరూ చస్తారు. ఒకడు తాగితే ఊరు చేరతాడు. ఇంకో గురువేమో ఇద్దరూ తాగి చావండి, ఒకడి చావు ఇంకొకడు చూడొద్దన్నాడు. అకీవా ఒప్పుకోలేదు. చెంబు నీదైతే నువ్వు తాగు, నీ ప్రాణం ముందు అన్నాడు. నీలాంటోన్ని నీవలె ప్రేమించు, అదే ధర్మమంతా అని చెప్పినోడు గూడా ఆయనే. ఆయనే తాగమన్నాడు. నీకేం నొప్పి?"

"వాడు ఇంగా ఎడారిలోకి రాలేదు గదా సమీ" అన్నాడు ఓబులేసు. "నేను పిలిస్తేనే వస్తాడు."

బండి నీడలో కూర్చుని పుస్తకం మళ్లీ తిరగేశాను. దానికి జవాబు దాంట్లో లేదు.

తర్వాతి ట్యాంకుకు నేను వచ్చేసరికి ఫోనులో గంగరాజుతో మాట్లాడుతున్నాడు. అన్నీ చెప్పాడు. తోటపని కాదని, పలకరించే మనిషి ఉండడని, మొదటి ఎండాకాలం అయిపోయేసరికి తనకు మాట పడిపోయిందని, అబూ సాలెం పేరు పెట్టి పిలిస్తే నోరు తెరిచి కూడా శబ్దం రాలేదని. ఆ సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు. అవతల నుంచి గంగరాజు నవ్వు వినబడింది.

"పన్నెండేండ్లు నువ్వు తిని, నాకు చేదంటాండావా బావా? నాకు పదో తరగతి ఉండాది. నీ మాదిరి వేలు ముంచను లే."

ఓబులేసు ఫోను పట్టుకునే పోయి కారే పైపు మూత మరోసారి బిగించాడు. తర్వాత, "సరే, రా" అన్నాడు. "అయితే ఎండాకాలం పొయ్యేదాకా నేనూ ఉంటా."

అబూ సాలెంకు అది నచ్చింది. ఒక్క మనిషి ఖర్చుకు ఇద్దరు. సెప్టెంబరుకు పూర్తిగా పంపిస్తానని కాగితం రాయించాడు. దాన్ని కూడా మేమిద్దరం చదివాం. ఓబులేసు వేలు ముంచలేదు. నా పెన్ను తీసుకుని, 'ఓ' దగ్గర కాసేపు ఆగి, పేరు మొత్తం రాశాడు. అక్షరాలు ఒకదానికొకటి దూరందూరంగా ఉన్నాయి, ఇరుకు దారిలో గొర్రెల్లాగా. అబూ సాలెం ఆ గీతల్ని అటూ ఇటూ తిప్పి చూసి, మొదటిసారి ఓబులేసుకు తన చేతులతో చాయ్ పోశాడు.

వెంకటేశ్వరికి ఆ సాయంత్రం చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను, ఉండకుంటే బాగుండేది. ఆమె తిట్టలేదు.

"కడాకు నన్ను గూడా ఆ కతలో యమ్మను చేసినావు" అని ఫోను పెట్టేసింది.

ఏప్రిల్ పదిన ఆమె ఒక్కతే పోయింది. మామా డ్రైవరు విమానాశ్రయంలో దింపాడట. ఊరు చేరాక ఓబులేసు ఫోను చేస్తే ఎత్తేది కాదు. నెలన్నర ఎత్తలేదు. గంగరాజు వచ్చిన మొదటి వారమే జ్వరం పడి, రెండో నెలలో కొట్టంలోంచి బయటికి రానని మొండికేసి, మూడో నెలలో ఓబులేసును పట్టుకుని ఏడ్చాడు. ఆ ఏడుపుకు పక్కన ఒక మనిషి ఉన్నాడు. పన్నెండేళ్ల కిందట ఓబులేసుకు లేడు. ఆయన తాగాల్సిన చెంబులో సగం ఒంచి ఇచ్చాడని నాకు తెలుసు. అది తెలివా, తెలివితక్కువా అనేది ఈరోజుకీ నేను తేల్చుకోలేదు. అకీవా మాట వినుంటే ఏప్రిల్‌లోనే ఇంట్లో ఉండేవాడు.

జూన్‌లో ఒకరోజు నేను పోయేసరికి ఓబులేసు ఇరుకు దారిలో రెండు గొర్రెల్ని నిలబెట్టి, గంగరాజుతో ఫోటో తీయిస్తున్నాడు. ఉన్ని కత్తిరించాక కొత్తగా రంగు పూసినట్టున్నాడు. ముందు గొర్రె మీద 'వ'. వెనక గొర్రె మీద 'స్తా'. ఆ ఫోటో వెంకటేశ్వరికి పంపాడు.

నాలుగో రోజున బదులొచ్చింది. మాట కాదు, రాత. ఆమె ఐదో తరగతి దాకా చదివింది. నాకోసం ఆగకుండా, గంగరాజుకు చూపించకుండా, ఓబులేసు దాన్ని తనే చదువుకున్నాడు. నేను వచ్చాక ఫోను నా చేతికిచ్చాడు. ఒక్క అక్షరం ఉంది.

"రా."

సెప్టెంబరు పన్నెండున పోయాడు. నేనే ట్యాంకర్లో రోడ్డు దాకా దింపాను. దిగేముందు ఆ పుస్తకం ఇస్తానన్నాను. "నాకెందుకప్పా ఇంగ్లీషు" అన్నాడు. "నువ్వు ఇంకొకరికి చెప్పు." టాక్సీ ఎక్కి, వెనక్కి తిరిగి చూడకుండా పోయాడు. నేను కూడా చెయ్యి ఊపలేదు.

ఇప్పుడూ వారానికి రెండుసార్లు పోతాను. గంగరాజు ఎండాకాలం దాటాక గట్టిపడ్డాడు. మంచివాడే, ఫోను చూసుకుంటాడు. ఒకసారి అకీవా కథ ఎత్తితే, "ఆ కతలు నాకెందుకన్నా, పైపు సరిగ్గా పట్టు" అన్నాడు. కొట్టం వెనక ఉన్ని మూటలు ఇంకా పడి ఉన్నాయి, అక్కడక్కడ ఎర్ర గీతలతో. ఏది ఏ అక్షరమో ఇప్పుడు తెలియదు.

ట్యాంకు ఖాళీ అయ్యే నలభై నిమిషాలూ తొట్టి గోడ మీద కూర్చుంటాను. పైపు కారుతూనే ఉంది. ఆ గుంటలో నా బొటనవేలు పెట్టి చూశాను. వదులుగా ఉంది.